అల్‌జబ్ర్, ముఖాబలా: బీజగణితంలో సమస్యను సాధించే మార్గం

ఉన్నత పాఠశాల విద్యార్థికి గణితం రెండు మెట్లుగా ఎదురవుతుంది. మొదటిది అంకగణితం. అందులో అన్నీ తెలిసిన సంఖ్యలే. కూడమంటే కూడాలి, తీసివేయమంటే తీసివేయాలి. రెండవది బీజగణితం. ఇక్కడ తెలియని సంఖ్యకు ఒక అక్షరాన్ని పేరుగా పెట్టి, అది తెలిసిన సంఖ్య అయినట్లే దానిని కూడి, తీసి, హెచ్చించి, భాగించి, చివరకు దాని విలువను బయటకు రప్పించాలి. ఈ రెండవ మెట్టు దగ్గరే చాలామంది పిల్లలు తడబడతారు. ఏడవ, ఎనిమిదవ తరగతులలో మొదలైన ఈ తడబాటు సరిదిద్దేవారు లేకపోతే పదవ తరగతి పరీక్ష వరకు వెంట వస్తుంది. "లెక్కలు మా వాడి తలకెక్కవు" అనే మాట అప్పుడే ఇంట్లో పుడుతుంది. చదువు మానిపించడానికి ఆ మాటే ఒక్కొక్కప్పుడు సాకు కూడా అవుతుంది.

ఈ విషయం ముస్లిం కుటుంబాలకు మరింత పట్టవలసినది. జస్టిస్ రాజిందర్ సచార్ అధ్యక్షతన పనిచేసిన సంఘం 2006లో సమర్పించిన నివేదిక ప్రకారం, దేశంలో 6 నుండి 14 సంవత్సరాల వయసుగల ముస్లిం బాలబాలికలలో దాదాపు నాల్గవ వంతు మంది బడికి వెళ్ళనే లేదు, లేదా వెళ్ళి మధ్యలో మానివేశారు. దీనికి పేదరికం మొదలైన కారణాలు అనేకం ఉన్నాయి. వాటన్నిటికీ ఒక వ్యాసంలో మందు దొరకదు. కాని బడిలో నిలిచిన పిల్లవాడిని లెక్కల భయం బయటకు నెట్టకుండా చూడడం పెద్దల చేతిలో ఉన్న పనే.

విచిత్రమేమంటే, పిల్లలు ఇంతగా భయపడే ఈ శాస్త్రం పేరులోనే దాన్ని సాధించే కీలకం దాగి ఉంది. ఆ పేరు అరబ్బీ పదం. ఉర్దూ తెలిసిన ఇళ్ళలో అది నిత్యం వినిపించేదే.

పేరులోనే పద్ధతి

అబ్బాసీ ఖలీఫా మామూన్ (పరిపాలన 813–833) కాలంలో బాగ్దాద్ నగరంలో ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్‌ఖ్వారిజ్మీ అనే పండితుడు ఒక గ్రంథం రచించాడు. దాని పేరులో రెండు మాటలు ముఖ్యమైనవి: అల్‌జబ్ర్, అల్‌ముఖాబలా. 1145లో రాబర్ట్ ఆఫ్ చెస్టర్ ఈ గ్రంథాన్ని స్పెయిన్‌లో లాటిన్ భాషలోకి అనువదించాడు. అప్పటి నుండి మొదటి మాటే యూరపులో ఈ శాస్త్రానికి పేరుగా స్థిరపడి, ఆల్జీబ్రా అయింది. గ్రంథకర్త పేరు లాటిన్‌లో మారిన రూపం నుండి అల్గారిథం అనే మాట వచ్చింది.

ఉర్దూలో 'జబ్ర్' అనగానే బలవంతం, నిర్బంధం అనే అర్థం స్ఫురిస్తుంది. ఇక్కడ ఆ అర్థం కాదు. అరబ్బీలో ఈ ధాతువుకు విరిగినదాన్ని కూర్చడం, లోటును పూడ్చి యథాస్థితికి తేవడం అనే అర్థం ఉంది. విరిగిన ఎముకను సరిచేసి కట్టు కట్టడానికి కూడా ఇదే మాట వాడతారు. స్పెయిన్‌లో ఎముకలు కట్టే వైద్యుడిని ఒకప్పుడు 'ఆల్జీబ్రిస్తా' అనేవారు. ఆంధ్రదేశంలో పుత్తూరు కట్టు గురించి తెలిసినవారికి ఈ ఉపమానం సులువుగా బోధపడుతుంది. సమీకరణంలో ఒకవైపు ఏదైనా రాశి 'తక్కువ' అయి ఉంటే, ఆ తక్కువను పూడ్చడమే జబ్ర్. అయితే ఒకవైపు పూడ్చినంతనే రెండవవైపు కూడా అంతే చేర్చాలి. లేకపోతే తూకం చెడుతుంది.

'ముఖాబలా' అనగానే పోటీ గుర్తుకు రావడం సహజం. కాని మూలార్థం ముఖాముఖి నిలబెట్టడం. సమీకరణానికి రెండువైపులా ఒకే జాతి రాశులు ఉన్నప్పుడు వాటిని ఎదురెదురుగా నిలిపి, సమానమైనంత మేర రెండువైపుల నుండీ తొలగించడమే ముఖాబలా.

లోటును పూడ్చడం, సమానమైనదాన్ని కొట్టివేయడం: బడిలో నేర్పే సమీకరణ సాధనకు పునాది ఈ రెండు పనులే. రెండింటికీ ఆధారం ఒకే న్యాయం: ఒక తక్కెడలో ఏది చేస్తే రెండవ తక్కెడలోనూ అదే చేయాలి.

చేపల మేత లెక్క

ఈ న్యాయం ఎలా పనిచేస్తుందో చూడడానికి కొల్లేటి ప్రాంతపు లెక్క ఒకటి చాలు. ఆకివీడు చుట్టుపక్కల చేపల చెరువులు ఎందరికో జీవనాధారం. బొచ్చె, శీలావతి చేపలకు తవుడు, వేరుశెనగ చెక్క కలిపి మేతగా వేయడం అక్కడ పిల్లలకు కూడా తెలిసిన సంగతే. తవుడులో 14 శాతం, చెక్కలో 44 శాతం మాంసకృత్తులు ఉన్నాయనుకుందాం. రైతుకు 23 శాతం మాంసకృత్తులు గల మేత 100 కిలోలు కావాలి. తవుడు ఎంత కలపాలి? చెక్క ఎంత కలపాలి?

తెలియని రాశికి ముందు పేరు పెట్టాలి. పాఠ్యపుస్తకాలలో ఇంగ్లీషు అక్షరం వాడతారు. ప్రాచీన భారతీయ గణితజ్ఞులు తెలియని రాశిని 'యావత్ తావత్' అని పిలిచి, దాని మొదటి అక్షరంతో సూచించేవారు. ఇక్కడ ఆ సంప్రదాయాన్నే అనుసరించి 'య' అని రాస్తే సరిపోతుంది. అక్షరం ఏదైనా పద్ధతి మారదు.

తవుడు య కిలోలు అయితే చెక్క (100 − య) కిలోలు. శాతాల లెక్కలో,

14య + 44(100 − య) = 23 × 100

కుండలీకరణం విప్పితే,

14య + 4400 − 44య = 2300
4400 − 30య = 2300

ఇప్పుడు ఎడమవైపు చూడండి. 4400 నిండుగా లేదు, అందులో 30య తక్కువైంది. ఇదే విరిగిన ఎముక. దానికి 30య చేర్చి పూడ్చాలి, కుడివైపు కూడా 30య చేర్చాలి. ఇది జబ్ర్.

4400 = 2300 + 30య

ఇప్పుడు రెండువైపులా శుద్ధ సంఖ్యలు ఎదురెదురుగా నిలబడ్డాయి. ఇటు 4400, అటు 2300. రెండింటిలోనూ ఉన్న 2300ను కొట్టివేయాలి. ఇది ముఖాబలా.

2100 = 30య

రెండువైపులా 30తో భాగిస్తే య = 70. తవుడు 70 కిలోలు, చెక్క 30 కిలోలు.

లెక్క ఇంతటితో అయిపోలేదు. సరిచూడడం కూడా లెక్కలో భాగమే. 70 కిలోల తవుడులో మాంసకృత్తులు 9.8 కిలోలు, 30 కిలోల చెక్కలో 13.2 కిలోలు. మొత్తం 23 కిలోలు. సరిపోయింది.

'అటు వెళితే గుర్తు మారుతుంది'

బడులలో ఇదే పనిని 'పక్షాంతరం' అంటారు. రాశి ఒక పక్షం నుండి మరో పక్షానికి పోతే ధనం ఋణమవుతుంది, ఋణం ధనమవుతుంది. గుణకం భాజకమవుతుంది, భాజకం గుణకమవుతుంది. ఈ సూత్రం తప్పు కాదు. చేయి తిరిగినవారికి అది సమయాన్ని ఆదా చేసే దగ్గరదారి. కాని కారణం తెలియకుండా ఈ సూత్రాన్ని మాత్రమే కంఠస్థం చేసిన పిల్లవాడు దానిని మంత్రంలా వాడతాడు. మంత్రం ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో అతనికి తెలియదు.

ఉదాహరణకు 3య = 12 అన్నప్పుడు '3 అటు వెళితే గుర్తు మారుతుంది' అనుకుని య = 12 − 3 = 9 అని రాసే పిల్లలు ఉంటారు. సంఖ్య అటు ఎగిరి వెళ్ళిందని నేర్పినందువల్ల వచ్చిన పొరపాటు ఇది. నిజానికి ఏ సంఖ్యా ఎటూ వెళ్ళదు. రెండువైపులా ఒకే పని జరిగింది, అంతే. ఎడమవైపు యకు 3 గుణకంగా అంటుకొని ఉంది. దానిని విడదీయడానికి భాగించాలి, తీసివేయడం వల్ల ప్రయోజనం లేదు. 'రెండువైపులా ఏం చేశావు?' అని అడిగితే చాలు, పిల్లవాడు తన పొరపాటును తానే పట్టుకుంటాడు.

అందువల్ల మొదటి ఏడాది పిల్లలచేత ప్రతి మెట్టు పక్కన 'రెండువైపులా 5 కలిపాను', 'రెండువైపులా 4తో భాగించాను' అని మాటల్లో రాయించడం మేలు. కాగితం కొంచెం ఎక్కువ ఖర్చవుతుంది, పునాది మాత్రం గట్టిపడుతుంది. ఆ తరువాత పక్షాంతరం దానంతటదే అలవాటవుతుంది. అల్‌ఖ్వారిజ్మీ గ్రంథంలో ఒక్క గుర్తు కూడా లేదని ఇక్కడ గమనించాలి. ప్లస్ లేదు, మైనస్ లేదు, సంఖ్యలు సైతం మాటల్లోనే ఉంటాయి. తెలియని రాశిని అతడు 'షై' అన్నాడు, అంటే 'వస్తువు'. గుర్తులు తరువాతి శతాబ్దాలలో వచ్చిన సౌకర్యాలు. ఈనాటి ఇంగ్లీషు అక్షరాల వాడకం ఫ్రెంచి పండితుడు దెకార్త్ 1637లో ప్రచురించిన జ్యామితి గ్రంథం తరువాత స్థిరపడింది. ఆలోచన ముందు పుట్టింది, గుర్తు తరువాత వచ్చింది. పిల్లలకూ అదే వరుసలో నేర్పడం సబబు.

జకాత్ తీసిన తరువాత

పరీక్షలలో తరచుగా వచ్చే ప్రశ్న ఒకటి ఉంది. ఒక మొత్తం నుండి కొంత శాతం తీసిన తరువాత మిగిలినది చెప్పి, అసలు మొత్తం ఎంతో కనుక్కోమంటారు. దీనికి ముస్లిం ఇళ్ళలో సిద్ధంగా ఉన్న ఉదాహరణ జకాత్. జకాత్ వర్తించే సొమ్ములో నలభయ్యవ వంతు, అంటే 2.5 శాతం, తీసి పంచిన తరువాత ఒకరి వద్ద 39,000 రూపాయలు మిగిలాయి. మొదట ఉన్నది ఎంత?

తొందరపడినవారు 39,000కు 2.5 శాతం కట్టి, 975 కలిపి 39,975 అంటారు. ఇది సరికాదు. జకాత్ లెక్కగట్టింది మొదటి మొత్తం మీద, మిగిలిన దాని మీద కాదు. 39,975లో నలభయ్యవ వంతు తీసి చూస్తే 39,000 మిగలదు. 24 రూపాయల పైచిలుకు తక్కువ వస్తుంది.

తెలియనిది మొదటి మొత్తం. కాబట్టి పేరు దానికే పెట్టాలి.

య − య/40 = 39,000

భిన్నాన్ని పోగొట్టడానికి రెండువైపులా 40తో హెచ్చించాలి.

40య − య = 15,60,000
39య = 15,60,000
య = 40,000

40,000లో నలభయ్యవ వంతు 1,000. మిగిలేది 39,000. సరిపోయింది.

ఈ లెక్కలో పొరపాటుకు కారణం కూడికా కాదు, హెచ్చవేతా కాదు. 'దేనిలో శాతం?' అనే ప్రశ్న వేసుకోకపోవడమే. బీజగణితంలో కష్టమైన పని సమీకరణాన్ని సాధించడం కంటే మాటలను సమీకరణంలోకి దించడం. తెలియనిది ఏది, దేనికి దేనితో సంబంధం, ఏది దేనికి సమానం అనే మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే సగం లెక్క అయినట్లే.

వారసత్వం పంపకంలో బీజగణితం

అల్‌ఖ్వారిజ్మీ ఈ గ్రంథాన్ని కేవలం పండితుల కోసం రాయలేదు. వారసత్వాలు, వీలునామాలు, పంపకాలు, వ్యాపారాలు, భూమి కొలతలు, కాలువల తవ్వకం వంటి వ్యవహారాలలో ప్రజలకు అవసరమయ్యే లెక్కలను సులభం చేయడమే తన ఉద్దేశమని గ్రంథారంభంలో తెలిపాడు. గ్రంథంలో దాదాపు సగభాగం వీలునామాలకు, వారసత్వాలకు సంబంధించిన సమస్యలే. దివ్య ఖుర్ఆన్‌లోని నిసా సూరాలో వారసుల వాటాలు సగం, నాల్గవ వంతు, ఎనిమిదవ వంతు, మూడింట రెండు వంతులు, మూడవ వంతు, ఆరవ వంతు అని భిన్నాల రూపంలో నిర్ణయమై ఉన్నాయి. భిన్నాల లెక్క రానివారు ఈ ఆదేశాలను అమలు చేయలేరు. అందుకే ఫరాయిజ్ శాస్త్రం గణితంతో పెనవేసుకొని పెరిగింది.

గ్రంథంలోని ఈ భాగం ఒక సులభమైన సమస్యతో మొదలవుతుంది. ఒక వ్యక్తి ఇద్దరు కుమారులను వదలి మరణించాడు. ఆస్తిలో మూడవ వంతు ఒక పరాయి వ్యక్తికి ఇవ్వమని వీలునామాలో చెప్పాడు. అతడు వదలినది 10 దిర్హమ్‌ల రొక్కం. ఇదికాక, కుమారులలో ఒకడు అతనికి 10 దిర్హమ్‌లు బాకీ. పంపకం ఎలా?

బాకీపడిన కుమారుని వాటాకు ఆ బాకీలో నుండే కొంత సరిపెట్టాలి. ఎంత సరిపెట్టాలో తెలియదు. దానినే అల్‌ఖ్వారిజ్మీ 'వస్తువు' అన్నాడు. అది య అనుకుంటే, పంచవలసిన ఆస్తి 10 + య. ఇందులో మూడవ వంతు పరాయి వ్యక్తికి పోగా మిగిలిన రెండు వంతులు కుమారులిద్దరికీ సమానం. అంటే ఒక్కొక్క కుమారునికి కూడా మూడవ వంతే. బాకీపడిన కుమారుని వాటా య కనుక,

య = (10 + య)/3
3య = 10 + య

రెండువైపులా ఉన్న ఒక యను కొట్టివేస్తే 2య = 10, య = 5.

పరాయి వ్యక్తికి 5, రెండవ కుమారునికి 5. రొక్కం పది దిర్హమ్‌లూ సరిగ్గా చెల్లిపోయాయి. బాకీపడిన కుమారుని వాటా అయిదు అతని దగ్గరే ఉంది. ఈ లెక్కలోని సొగసు ఇది: తెలియని వాటా ఆస్తి మీద ఆధారపడి ఉంది, ఆ ఆస్తి మళ్ళీ తెలియని వాటా మీద ఆధారపడి ఉంది. అంకగణితంతో పోతే గానుగెద్దులా తిరగవలసి వస్తుంది. తెలియనిదానికి పేరు పెట్టిన క్షణాన చిక్కుముడి వీడిపోతుంది.

ఇక కొల్లేటి గట్టు మీది లెక్క. ఒక రైతు భార్యను, ఇద్దరు కుమారులను, ఒక కుమార్తెను వదలి మరణించాడు. ఇతర వారసులు లేరు. అప్పులు తీర్చి, వీలునామా చెల్లించిన తరువాత మిగిలిన భూమి 4 ఎకరాలు, అంటే 400 సెంట్లు. సంతానం ఉన్నందువల్ల భార్యకు ఎనిమిదవ వంతు: 50 సెంట్లు. మిగిలిన 350 సెంట్లలో ఒక్కొక్క కుమారుని వాటా కుమార్తె వాటాకు రెట్టింపు. కుమార్తె వాటా య అనుకుంటే,

2య + 2య + య = 350
5య = 350
య = 70

కుమార్తెకు 70 సెంట్లు, ఒక్కొక్క కుమారునికి 140 సెంట్లు, తల్లికి 50. మొత్తం 400.

ఈ లెక్కను తిరగేసి కూడా అడగవచ్చు. పై కుటుంబంలో కుమార్తెకు 56 సెంట్లు ఇచ్చి, 'ఇదే నీ పూర్తి వాటా' అన్నారు. అది నిజమైతే మొత్తం భూమి ఎంత ఉండాలి? మొత్తం య అయితే, భార్య వాటా పోగా మిగిలినది 7య/8. అందులో అయిదవ వంతు 56. అంటే 7య/40 = 56; 7య = 2240; య = 320 సెంట్లు. భూమి రికార్డులో 400 సెంట్లు కనిపిస్తూ ఉంటే, ఎక్కడో తేడా జరిగిందన్నమాట. ఈ మూడు పంక్తుల లెక్క వేయగలిగిన ఆడపిల్ల తన హక్కు ఎంతో ఎవరినీ అడగనక్కరలేదు. పెద్దమనుషుల నోటి మాటను కాగితం మీద సరిచూసుకోగలుగుతుంది. లెక్క రానివారికి హక్కు ఉన్నా, అది చేతికి ఎంత అందిందో తెలియదు. బాలికల చదువులో గణితానికి ఎందుకు చోటుండాలో చెప్పడానికి ఇంతకంటే వేరే కారణం అవసరం లేదు.

చెరువు గట్టు: వర్గ సమీకరణం

పదవ తరగతిలో వర్గ సమీకరణాలు వస్తాయి. తెలియని రాశి తనతో తానే హెచ్చవేయబడినప్పుడు, అంటే య² వచ్చినప్పుడు, జబ్ర్, ముఖాబలా మాత్రమే చాలవు. ఇంకొక ఉపాయం కావాలి. అదే వర్గాన్ని పూర్తిచేయడం.

ఒక చేపల చెరువు విస్తీర్ణం సరిగ్గా 5 ఎకరాలు. దాని పొడవు వెడల్పు కంటే 110 గజాలు ఎక్కువ. గట్టు వేయాలంటే పొడవు, వెడల్పు తెలియాలి. ఎకరానికి 4,840 చదరపు గజాలు కనుక 5 ఎకరాలు 24,200 చదరపు గజాలు. వెడల్పు య గజాలైతే పొడవు య + 110.

య(య + 110) = 24,200
య² + 110య = 24,200

అల్‌ఖ్వారిజ్మీ ఇచ్చిన ప్రసిద్ధ ఉదాహరణ కూడా ఈ రూపంలోనే ఉంది: ఒక వర్గం, దాని మూలానికి పది రెట్లు కలిసి 39కి సమానం. అతడు సూత్రం చెప్పి ఊరుకోలేదు, బొమ్మ గీసి నిరూపించాడు. ఆ బొమ్మను చెరువుకు అన్వయించి చూడవచ్చు.

చెరువును కాగితం మీద దీర్ఘచతురస్రంగా గీయండి. అందులో ఒక చివర య పొడవు, య వెడల్పు గల చతురస్రాన్ని విడదీస్తే, మిగిలేది 110 గజాల పొడవు, య వెడల్పు గల పట్టీ. ఈ పట్టీని సగానికి కోసి, 55 గజాల చొప్పున రెండు పట్టీలు చేయండి. ఒకటి చతురస్రానికి కుడివైపున ఉండనిచ్చి, రెండవదాన్ని తిప్పి కింది వైపున అతికించండి. ఇప్పుడు ఆకారం దాదాపు పెద్ద చతురస్రమే. ఒక్క మూల మాత్రం ఖాళీ. ఆ ఖాళీ 55 గజాల పొడవు, 55 గజాల వెడల్పు, అంటే 3,025 చదరపు గజాలు. ఆ లోటును పూడ్చితే చతురస్రం పూర్తవుతుంది. రెండువైపులా 3,025 కలపాలి.

(య + 55)² = 24,200 + 3,025 = 27,225

165ను 165తో హెచ్చిస్తే 27,225. కాబట్టి య + 55 = 165, య = 110. చెరువు వెడల్పు 110 గజాలు, పొడవు 220 గజాలు. 110 × 220 = 24,200. సరిపోయింది. అర ఫర్లాంగు వెడల్పు, ఒక ఫర్లాంగు పొడవు ఉన్న చెరువు సరిగ్గా అయిదు ఎకరాలని కూడా దీనివల్ల తేలింది.

ఈ బొమ్మ తెలిసిన విద్యార్థి మరొక పెద్ద పొరపాటు నుండి కూడా బయటపడతాడు. (య + 5)²ను య² + 25 అని రాయడం తరగతిలో తరచుగా కనిపించే తప్పు. పెద్ద చతురస్రంలో చిన్న చతురస్రం ఉంది, మూల ముక్క ఉంది, వాటి మధ్య రెండు పట్టీలు కూడా ఉన్నాయి. ఆ రెండు పట్టీలే 10య. వాటిని మరచిపోవడమంటే చెరువు కొలిచేటప్పుడు రెండు గట్ల వెంబడి ఉన్న నీటిని వదిలివేయడమే. సరైన విలువ య² + 10య + 25.

ఇక్కడ పాతకాలపు పద్ధతికి, నేటి పాఠ్యపుస్తకానికి ఒక తేడా ఉంది. 165 వర్గం ఎంతో, −165 వర్గమూ అంతే. కాబట్టి య + 55 = −165 కూడా కావచ్చు; అప్పుడు య = −220. అల్‌ఖ్వారిజ్మీ ఋణ సంఖ్యలను సమాధానాలుగా స్వీకరించలేదు. అందుకే అన్ని పదాలూ ధనంగా ఉండేలా సమీకరణాలను ఆరు రకాలుగా విభజించి, ఒక్కొక్కదానికి వేరువేరు పద్ధతి చెప్పవలసి వచ్చింది. నేటి విద్యార్థి రెండు మూలాలూ రాసి, వెడల్పు ఋణంగా ఉండదు కనుక −220ని వదిలివేస్తున్నానని కారణం చెప్పాలి. కారణం చెప్పకుండా వదిలివేస్తే సాధన అసంపూర్ణం.

సున్న విషయంలోనూ జాగ్రత్త అవసరం. య² = 5య అన్నప్పుడు రెండువైపులా యతో భాగించి య = 5 అని ముగించడం సులువు. ఈ సమీకరణం అల్‌ఖ్వారిజ్మీ గ్రంథంలో ఉంది, అతడు ఇచ్చిన జవాబు కూడా 5 ఒక్కటే. కాని య = 0 అయినా రెండువైపులా సమానమే. య విలువ సున్న కావచ్చునేమో తెలియకుండా దానితో భాగించకూడదు. అన్నిటినీ ఒకవైపు చేర్చి య(య − 5) = 0 అని రాస్తే రెండు మూలాలూ దొరుకుతాయి.

విద్యకు సరిహద్దులు లేవు

అల్‌జబ్ర్ ముస్లిం పండితుడు పెట్టిన పేరు అని సంతోషించడంలో తప్పు లేదు. అయితే ఈ విద్య ఒక్క జాతి సొత్తు కాదు. బ్రహ్మగుప్తుడు 628లో రచించిన బ్రహ్మస్ఫుట సిద్ధాంతంలో వర్గ సమీకరణ సాధన ఉంది. సున్న, ఋణ సంఖ్యలతో చేసే లెక్కలకు నియమాలూ ఉన్నాయి. భారతీయ సిద్ధాంత గ్రంథాలు ఎనిమిదవ శతాబ్దిలోనే బాగ్దాద్ చేరి అరబ్బీలోకి అనువాదమయ్యాయి. భారతీయ అంకెలతో లెక్కించే విధానాన్ని వివరిస్తూ అల్‌ఖ్వారిజ్మీ ఒక ప్రత్యేక గ్రంథమే రాశాడు.

బాగ్దాద్‌లో ఈ కృషి జరిగిన తొమ్మిదవ శతాబ్దిలోనే దక్కనులో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు గణితసార సంగ్రహాన్ని సంస్కృతంలో రచించాడు. దానిని తెలుగులోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. తెలుగులో గణితం చెప్పుకోవడం ఈనాటిది కాదనడానికి అతని గ్రంథమే సాక్ష్యం. తరువాత మొగలుల కాలంలో, అక్బర్ ఆస్థాన కవి ఫైజీ 1587లో భాస్కరాచార్యుని లీలావతిని పారసీకంలోకి అనువదించాడు. షాజహాన్ కాలంలో అతాఉల్లా రషీదీ భాస్కరుని బీజగణితాన్ని కూడా పారసీకంలోకి తెచ్చాడు. సంస్కృతం నుండి అరబ్బీకి, అరబ్బీ నుండి లాటిన్‌కు, సంస్కృతం నుండి తెలుగుకు, పారసీకానికి ఈ విద్య ప్రయాణించింది. ఎక్కడ ఆదరించినవారుంటే అక్కడ నిలిచింది. పూర్వుల ఘనత చెప్పుకున్నంత మాత్రాన నేటి విద్యార్థి నోటుపుస్తకంలో ఒక్క లెక్క కూడా తేలదు. దానిని అతడే చేయాలి.

చేయవలసిన పని

ఇంటివద్ద చదువు చూసే తల్లిదండ్రులు, మసీదు వద్ద సాయంత్రం పాఠాలు చెప్పే యువకులు గణిత పండితులు కానక్కరలేదు. పిల్లవాడి నోటుపుస్తకం ముందు పెట్టుకొని నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు. తెలియనిది ఏమిటి, దానికి ఏ పేరు పెట్టావు? ఏది దేనికి సమానం? ఈ మెట్టులో రెండువైపులా ఏం చేశావు? వచ్చిన జవాబును మొదటి లెక్కలో పెట్టి చూశావా? జవాబు పుస్తకం వెనుక ఉన్నదానితో సరిపోయిందా లేదా అన్నది ఆ తరువాతి మాట.

లెక్కలను కూడా వారి జీవితం నుండే తీసుకోవచ్చు. మేత కలపడం, కౌలు లెక్క, ఉప్పుటేరులో ఎదురు వెళ్ళే పడవ వేగం, జకాత్, వారసత్వం: ఇవన్నీ పాఠ్యపుస్తకంలోని సమీకరణాలే. తన ఇంటి లెక్కను అక్షరంతో సాధించిన పిల్లవాడికి పరీక్షలోని లెక్క పరాయిదిగా కనిపించదు.

తూకంలో ఎవరికీ తక్కువ చేయవద్దని దివ్య ఖుర్ఆన్ పదేపదే హెచ్చరిస్తుంది. అది అంగడిలోని తక్కెడకే పరిమితమైన ఆదేశం కాదు. సమీకరణానికి మధ్యనున్న సమాన చిహ్నం కూడా ఒక తక్కెడే. ఒకవైపు కలిపి రెండవవైపు మరచినవాడి జవాబు తప్పవుతుంది, వారసత్వంలో ఒక వాటాను మరచినవాడి పంపకం అన్యాయమవుతుంది. ఈ రెండు తప్పులనూ కాగితం మీదే పట్టుకొని సరిదిద్దే సాధనం బీజగణితం. దానిని బాలబాలికలిద్దరి చేతికీ అందించడం పెద్దల బాధ్యత.